కన్వర్టర్ కోడ్ కొత్త చోటికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగును ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే మన కన్వర్టర్ కోడ్ ఇన్నాళ్ళూ గిట్‌హబ్‌లో ఉండేది. ప్రోగ్రామ్‌ల కోడ్ దాచుకుని, పదిమందీ కలిసి పనిచేసే సైటు అది. ఇప్పుడు అలాంటిదే ఇంకో సైటు, కోడ్‌బర్గ్‌కి మారింది. విజయవాడలో, గుంటూరులో కలిసినప్పుడు కొందరు, ఫోన్లు చేసి కొందరు అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కొన్నిటికి జరిగిందంతా చెప్పక తప్పలేదు.

నేను కన్వర్టర్ వాడతానంతే, కోడ్ రాయను. నేనేమైనా చేయాలా?

ఏమీ అక్కర్లేదు. మీ కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రామ్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. పైథాన్ ప్యాకేజీలు దింపే పిప్‌తో వేసుకునేవాళ్ళకు ప్యాకేజీ పేరు కూడా మారలేదు. విండోస్ జిప్ ఫైలు దింపుకునేవాళ్ళు మాత్రం ఇకనుంచి కొత్త చోట రిలీజుల పేజీలో చూడండి. పాత వెర్షన్లన్నీ కూడా అక్కడికి తెచ్చాం. పాత జిప్‌కీ కొత్త జిప్‌కీ ఎస్‌హెచ్‌ఏ-256 మొత్తాలు (ఫైలులోని బైట్ల నుంచి లెక్కకట్టే గుర్తులు) పోల్చి, ఒక్క బైటు తేడా లేదని చూసుకున్నాకే పెట్టాం.

అసలెందుకు మారాం?

ఈ కోడ్ మొదటి నుంచీ ఒక మిత్రుడి సొంత ఖాతాలో ఉంది. మొదలుపెట్టింది ఆయనొక్కరే కాబట్టి అక్కడుండటం సహజమే. తర్వాత మేం ఐదారుగురం చేరాం. గవర్నర్‌పేట డీటీపీ సెంటర్ల వాళ్ళు వాడటం మొదలుపెట్టారు. పని పెరిగింది కానీ తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండిపోయింది.

ఒక వేసవిలో ఆయన ఫోన్ పోయింది. లాగిన్ అయ్యేటప్పుడు రెండో అంచెలో అడిగే నంబరు ఆ ఫోన్‌లోనే వచ్చేది. రికవరీ కోడ్లు ఎక్కడ రాసిపెట్టారో ఆయనకే గుర్తు లేదు. అవి ఒక పాత డైరీలో దొరికేసరికి మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాలూ ఎవరి మార్పులూ కలపలేకపోయాం. సరిగ్గా అప్పుడే ఏలూరు రోడ్డులో ఒకాయన పెద్ద పుస్తకం మార్చుకుంటున్నారు. కొన్ని వత్తులు తారుమారవుతున్నాయని రోజూ ఫోన్ చేసేవారు. సవరణ మా దగ్గర సిద్ధంగా ఉంది, విడుదల చేసే దారి లేదు. ఆ టెన్షన్ మళ్ళీ పడకూడదనుకున్నాం.

ఇందులో ఆ మిత్రుడి తప్పేమీ లేదు. పదిమందికి అక్కరకొచ్చే పనిని ఒకరి జేబులో వదిలేసింది మేమందరమూ. ఇప్పుడు కొత్త చోట ప్రాజెక్టు పేరుతో ఉమ్మడి ఖాతా ఉంది. యజమాని హక్కులు ముగ్గురికి ఉన్నాయి: ఇద్దరు విజయవాడలో, ఒకరు గుంటూరులో. ముగ్గురి రికవరీ కోడ్లూ కాగితం మీద అచ్చుతీసి వేర్వేరు ఇళ్ళలో దాచాం.

ఆ మాత్రానికి గిట్‌హబ్‌లోనే ఉమ్మడి ఖాతా తెరిస్తే సరిపోయేది కదా?

సరిపోయేది. తాళంచెవి సమస్య ఒక్కదానికే అయితే అదే సులువైన దారి. అక్కడికక్కడే ట్రాన్స్‌ఫర్ చేస్తే ఇష్యూలు (తప్పులు, సూచనలు చెప్పి చర్చించే పేజీలు), స్టార్లు (నచ్చిందని జనం పెట్టే గుర్తులు) అన్నీ వెంట వస్తాయి. పాత లింకు నొక్కినా కొత్త చోటికే వెళ్తుంది. ఈ మాట మాలో ఇద్దరు గట్టిగా అన్నారు కూడా.

అయినా కోడ్‌బర్గ్ వైపే మొగ్గడానికి కారణం మన కన్వర్టర్ పనిలోనే ఉంది. అను ఫాంట్‌లో కొట్టిన పుస్తకం ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో గుర్తులు కనిపిస్తాయి. రచన మనదే, భాష మనదే, కానీ చదవాలంటే ఒక ప్రత్యేక సరంజామా ఉండాలి. ఆ ముడి విప్పడానికే మనం ఇన్నేళ్ళు కష్టపడుతున్నాం. మరి ఆ పని గురించి మనం మాట్లాడుకున్న మాటలన్నీ, ఏ అక్షరం ఎందుకు అలా మార్చామన్న వాదనలన్నీ, బయటికి తీసి మన దగ్గర నడుపుకోలేని చోట ఉండటం నాకు సరిగ్గా అనిపించలేదు.

గిట్‌హబ్ 2008లో మొదలైంది. 2018లో మైక్రోసాఫ్ట్ దాన్ని 750 కోట్ల డాలర్లకు కొన్నది. అక్కడ మనకు ఏ అన్యాయమూ జరగలేదు, ఇన్నాళ్ళూ ఉచితంగా చోటు దొరికింది. కానీ ఆ సైటును నడిపే సాఫ్ట్‌వేర్ బయటివాళ్ళకు దొరకదు. కోడ్‌బర్గ్ 2018లో బెర్లిన్‌లో ఏర్పడిన లాభాపేక్ష లేని సంఘం. సభ్యుల చందాలతో, విరాళాలతో నడుస్తుంది. ఆ సైటును నడిపే ఫోర్జేయో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అంటే ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. రేపు అవసరమైతే అదే ఫోర్జేయోను మన కంప్యూటర్‌లో వేసుకుని, ఇష్యూలతో సహా అన్నీ తెచ్చుకోవచ్చు.

పెద్ద ప్రాజెక్టులు ఇలా మారిన దాఖలాలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. లైనక్స్ డెస్క్‌టాప్‌లు తయారుచేసే గ్నోమ్ 2018లో, కేడీఈ 2020లో తమ సొంత గిట్‌ల్యాబ్‌లకు (ఇదీ ఇలాంటి సైటు నడిపే సాఫ్ట్‌వేరే) మారాయి. డెబియన్ అనే లైనక్స్ కూడా 2018లో తన పాత సైటు అలియోత్ మూసి గిట్‌ల్యాబ్ మీద నడిచే సల్సాకు వచ్చింది. జిగ్ ప్రోగ్రామింగ్ భాష 2025 నవంబరులో గిట్‌హబ్ నుంచి కోడ్‌బర్గ్‌కే వచ్చింది. వాటి ముందు మనది చీమంత.

రేపు కోడ్‌బర్గ్ కూడా మూతపడితే?

పడొచ్చు. ఇలాంటి చోట్లు మూతపడటం కొత్త కాదు. గూగుల్ కోడ్ 2006లో మొదలై 2016 జనవరిలో మూతపడింది. గిటోరియస్ 2015లో పోయింది. మైక్రోసాఫ్టే నడిపిన కోడ్‌ప్లెక్స్ 2017లో ఆగింది. బిట్‌బకెట్ సైటు ఉంది కానీ మెర్క్యురియల్ అనే సాధనం వాడేవాళ్ళకు 2020లో తలుపులు మూసింది. అందుకే కోడ్‌బర్గ్‌ను శాశ్వత నివాసం అనుకోవడం లేదు. నెలకోసారి కోడ్, ఇష్యూలు, బొమ్మలు అన్నీ కలిపి రెండు హార్డ్ డిస్కుల్లోకి దింపుతున్నాం. ఒకటి పటమటలో, ఒకటి గుంటూరు బ్రాడీపేటలో ఉంటాయి.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. కోడ్‌బర్గ్ చిన్న సంస్థ. ఏఐ కంపెనీల బాట్లు వచ్చి పడి సైటు నెమ్మదించిన రోజులున్నాయి. అలాంటప్పుడు కంగారు పడకండి. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) కాపీ మీ దగ్గరే ఉంటుంది కాబట్టి పని ఆగదు. పంపడం ఓ గంట ఆలస్యమవుతుంది, అంతే.

సొంత సర్వరే విజయవాడలో పెట్టుకోవచ్చుగా?

పెట్టుకోవచ్చు. ఫోర్జేయో తేలికైనది, పాత డెస్క్‌టాప్ మీద కూడా నడుస్తుంది. మేం రెండు వారాలు నడిపి చూశాం కూడా. కానీ సర్వర్ నడపడమంటే రాత్రిపూట అది ఆగితే లేచి చూడటం, అప్‌డేట్లు వేయడం, దొంగ ఖాతాలు ఏరేయడం. ఉద్యోగాలు చేసుకుంటూ ఏళ్ళ తరబడి అది సాగదు.

నీళ్ళ సంగతి కూడా ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా మిత్రుడి ఇల్లు కింది అంతస్తు మునిగింది. ఆయన డెస్క్‌టాప్ రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. పరీక్షల కోసం పాత పత్రికల నుంచి ఓపిగ్గా ఎంచి టైపు చేసిన నమూనా పేజీలు అందులోనే ఉన్నాయి. పూర్తయ్యాక ఒకేసారి పంపుదామని అప్పటిదాకా ఎక్కడికీ పుష్ చేయలేదు, అంటే సైటుకు పంపలేదు. ఒక్కటీ మిగల్లేదు. ఇల్లు శుభ్రం చేసుకోవడానికే నెల పట్టిన మనిషి ముందు పేజీల మాట ఎత్తలేక, ఆ జాబితా మేమే మళ్ళీ మొదలుపెట్టాం. సగం పని అయినా సరే, ఏ రోజుది ఆ రోజే పుష్ చేయండి.

నా దగ్గర పాత క్లోన్ (కోడ్ మొత్తం కాపీ) ఉంది. మళ్ళీ మొత్తం దింపుకోవాలా?

వద్దు. గిట్‌లో రిమోట్ అడ్రసు ఒక్కటి మారిస్తే చాలు. రిమోట్ సెట్-యూఆర్ఎల్ కమాండుకు ఆరిజిన్ అనే పేరు, కొత్త అడ్రసు ఇవ్వండి. తర్వాత ఒకసారి ఫెచ్ చేయండి. మెయిన్ బ్రాంచి పేరు మారలేదు.

ఎస్ఎస్‌హెచ్ వాడేవాళ్ళను మొదటిసారి కొత్త సర్వర్ గుర్తింపు సరైనదేనా అని అడుగుతుంది. చాలామంది చదవకుండా యస్ కొట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. కోడ్‌బర్గ్ తన సహాయ పేజీల్లో ఆ వేలిముద్రలు ప్రచురించింది. తెర మీదున్నదాన్ని దానితో పోల్చి చూశాకే యస్ అనండి.

పాత కమిట్లు (నమోదైన మార్పులు), వాటి మీద మా పేర్లు ఉంటాయా?

అన్నీ ఉన్నాయి. గిట్‌లో ప్రతి కమిట్ గుర్తింపూ దాని లోపలి విషయం నుంచే లెక్కకట్టి వస్తుంది, సైటు ఏదైనా అది మారదు. మిర్రర్ పద్ధతిలో క్లోన్ చేసి తెచ్చాం కాబట్టి బ్రాంచిలు, ట్యాగులు అన్నీ వచ్చాయి. చరిత్రలో అనవసరంగా మిగిలిన పెద్ద స్కాన్ ఫైళ్ళను ఈ సందులో తీసేద్దామని ఒకరు సూచించారు. అది చేస్తే ఆ తర్వాతి కమిట్ల గుర్తింపులన్నీ మారిపోతాయి, అందరి క్లోన్లూ పనికిరాకుండా పోతాయి. అందుకే ముట్టుకోలేదు.

ఇష్యూలు కూడా వచ్చాయా?

వచ్చాయి. మాకు ఎక్కువ కాలం పట్టింది వీటి దగ్గరే.

కోడ్ గిట్‌లో ఉంటుంది కాబట్టి నిమిషాల్లో కదిలింది. ఇష్యూలు గిట్‌లో ఉండవు, సైటు డేటాబేసులో ఉంటాయి. ఫోర్జేయోలో దిగుమతి సదుపాయం ఉంది. గిట్‌హబ్ టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి రహస్య సంకేతం) ఇస్తే ఇష్యూలు, వ్యాఖ్యలు, లేబుళ్ళు, మైలురాళ్ళు, రిలీజులు, వికీ తెస్తుంది. నంబర్లు కూడా పాతవే ఉంటాయి, ఎందుకంటే రెండు చోట్లా ఇష్యూలకూ పుల్ రిక్వెస్టులకూ (నా మార్పు కలపండి అని పంపే వినతులు) ఒకటే వరుస. గిట్‌ల్యాబ్‌లో ఆ రెండిటికీ విడివిడి వరుసలు. మన కోడ్ నిండా "41వ ఇష్యూ చూడండి" లాంటి వ్యాఖ్యలున్నాయి కాబట్టి మాకు ఇది పెద్ద విషయమే.

ఆ 41వ ఇష్యూనే తీసుకోండి. ఏలూరు రోడ్డులో చాలాకాలం డీటీపీ చేసిన ఒక పెద్దాయన చెప్పిన సంగతి అది. అను లాంటి ఫాంట్లలో తలకట్టు, గుడి, వత్తు దేనికదే విడి ముక్క. "క్రి" అని కొట్టడానికి ఒకరు వత్తు ముందు, గుడి తర్వాత కొడతారు. ఇంకొకరు గుడి ముందు, వత్తు తర్వాత. కాగితం మీద రెండూ ఒకేలా వస్తాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. యూనికోడ్‌లో మాత్రం వరుస తప్పకూడదు: క, పొల్లు, ర, ఆ తర్వాతే గుడి. ఎవరి చేతి అలవాటు ఎలా ఉంటుందో ఆయన ఒక్కో ఉదాహరణతో చెబుతూ పోయారు. మన కోడ్‌లో వరుసలు సరిదిద్దే భాగమంతా ఆ మాటల మీదే నిలబడింది. కోడ్ చూస్తే ఏం చేస్తున్నామో తెలుస్తుంది. ఎందుకు చేస్తున్నామో ఆ ఇష్యూలోనే ఉంది.

ట్రయల్‌గా ఒకసారి దిగుమతి చేసి చూశాం. బొమ్మలతో సహా అన్నీ కనిపించాయి. అయిపోయిందనుకుని టీ తాగుతుంటే, గుంటూరు నుంచి వచ్చిన సభ్యురాలు ఒక బొమ్మ అడ్రసు తీసి చూశారు. అది పాత సైటుదే! దిగుమతిలో మాటలు వచ్చాయి, బొమ్మలు రాలేదు. లింకు మాత్రమే వచ్చింది. పాత చోట ఆ బొమ్మ ఎప్పుడు పోతే ఇక్కడా అప్పుడే పోతుంది. మన ఇష్యూల్లో సగం బొమ్మలే: ఎడమవైపు డీటీపీ ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లోని పేజీ, కుడివైపు మన కన్వర్టర్ ఫలితం, కింద "ఇక్కడ తప్పు" అన్న రెండు మాటలు. బొమ్మ లేకపోతే ఆ రెండు మాటలకు అర్థమే లేదు.

నాలుగు ఆదివారాలు దీనికే పోయాయి. చిన్న స్క్రిప్టు రాసి బొమ్మలన్నీ దింపి, ఇష్యూ నంబరు ప్రకారం పేర్లు పెట్టి, విడిగా ఒక రిపాజిటరీలో (సైటులో ప్రాజెక్టు ఫైళ్ళు ఉండే చోటు) ఉంచాం. తర్వాత ఏపీఐ (ప్రోగ్రామ్‌లు సైటుతో మాట్లాడే దారి) ద్వారా ప్రతి వ్యాఖ్యలోని లింకునూ కొత్త అడ్రసుకు మార్చాం. చివర్లో వంతులు వేసుకుని ఒక్కో ఇష్యూ తెరిచి కళ్ళతో చూశాం. మీ పాత ఇష్యూలో బొమ్మ కనిపించకపోతే ఆ నంబరు మాకు చెప్పండి.

వ్యాఖ్యల మీద మీ పాత పేరు కనిపిస్తుంది కానీ అది మీ కొత్త ఖాతాకు ముడిపడి ఉండకపోవచ్చు. స్టార్లు రాలేదు. గిట్‌హబ్ డిస్కషన్స్‌లో జరిగిన చర్చలు కూడా రాలేదు, ఫోర్జేయోలో అలాంటి విభాగమే లేదు. వాటిలో పనికొచ్చేవి చదివి వికీలో పెట్టాం.

నా పుల్ రిక్వెస్ట్ సగంలో ఉంది. ఎలా?

చర్చ, మీ కమిట్లు కొత్త చోట కనిపిస్తాయి. కానీ మీ ఫోర్క్ (మీ ఖాతాలోని సొంత కాపీ) పాత చోటే ఉంది కాబట్టి కొత్త మార్పులు అందులోకి చేరవు. కోడ్‌బర్గ్‌లో ఖాతా తెరిచి, ఫోర్క్ చేసుకుని, అదే బ్రాంచిని అక్కడికి పుష్ చేసి మళ్ళీ పంపండి. వివరణలో పాత నంబరు రాస్తే చాలు.

మేం స్టూడెంట్స్. ప్లేస్‌మెంట్లలో గిట్‌హబ్ ప్రొఫైలే చూస్తారు. మా పచ్చగడులు (కమిట్లు చేసిన రోజుల్ని ప్రొఫైల్‌లో చూపే ఆకుపచ్చ గళ్ళు) పోతాయా?

పోవు. వడ్డేశ్వరం, కానూరు వైపు కాలేజీల పిల్లలు చాలామంది ఇదే అడిగారు, వాళ్ళ భయం నాకు అర్థమైంది. పాత రిపాజిటరీని తీసేయలేదు. కోడ్‌బర్గ్‌లో కలిసిన ప్రతి మార్పూ పుష్ మిర్రర్ ద్వారా గిట్‌హబ్‌కి కూడా దానంతటదే వెళ్తుంది. మీ కమిట్‌లో ఉన్న ఈమెయిల్ మీ గిట్‌హబ్ ఖాతాకు జత చేసి ఉండాలి. ఆ రిపాజిటరీకి మీరు స్టార్ ఇచ్చో, ఫోర్క్ చేసో ఉండాలి. అప్పుడు కొత్త కమిట్లు కూడా మీ ప్రొఫైల్‌లో లెక్కకొస్తాయి. కాకపోతే ఇష్యూల్లో మీరు చేసే చర్చ అక్కడ కనిపించదు. రెజ్యూమెలో కోడ్‌బర్గ్ లింకు కూడా ఇవ్వండి. మీరు ఒక అక్షరం తప్పును ఎలా ఛేదించారో చదివినవాళ్ళకు పచ్చగడుల కన్నా ఎక్కువే తెలుస్తుంది.

పాత చోటును ఆర్కైవ్ చేయలేదేం?

ఆర్కైవ్ చేస్తే అది చదవడానికి మాత్రమే మిగులుతుంది, మిర్రర్ కూడా ఆగిపోతుంది. ఇష్యూల విభాగాన్ని ఆపేస్తే పాత లింకులన్నీ తెగిపోతాయి. అందుకని ప్రతి పాత ఇష్యూ చివర కొత్త లింకు పెట్టి తాళం వేశాం. కొత్త ఇష్యూ తెరవబోతే కోడ్‌బర్గ్ దారి చూపించేలా టెంప్లేట్ మార్చాం. రీడ్‌మీ (పరిచయ పేజీ) మొదటి వాక్యం కూడా అదే.

ఆ ఖాతాను ఎప్పటికీ తీసేయం. తీసేస్తే ఆ పేరును ఎవరైనా పట్టుకుని, మన పాత లింకుల కింద వేరే కోడ్ పెట్టే ప్రమాదం ఉంది.

పరీక్షలు ఎక్కడ నడుస్తున్నాయి?

పరీక్షలు వాటంతటవే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ కోసం రాసుకున్న ఫైళ్ళు ఫోర్జేయో యాక్షన్స్‌కి దగ్గరగానే ఉంటాయి కానీ యథాతథంగా పనిచేయవు. రెండు రోజులు కూర్చుని సరిచేశాం. రన్నర్ (పరీక్షలు నడిపే కంప్యూటర్) మనదే, బ్రాడీపేటలో ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఒక డెస్క్‌టాప్. బయటివాళ్ళు పంపిన కోడ్ ఆ ఇంటి కంప్యూటర్‌లో నడుస్తుంది కాబట్టి, కొత్తవాళ్ళ పుల్ రిక్వెస్టును మాలో ఒకరు చదివి అనుమతిస్తేనే పరీక్షలు మొదలవుతాయి. మీ మీద అనుమానంతో కాదు. రహస్య టోకెన్లు ఏ దిగుమతిలోనూ రావు. పాతవి రద్దు చేసి అన్నీ కొత్తగా సృష్టించాం.

తెలుగు పేర్లున్న ఫైళ్ళు అంకెల్లా కనిపిస్తున్నాయి. పాడయ్యాయా?

లేదు. ఇది మారడం వల్ల వచ్చింది కాదు, గిట్‌కు మొదటి నుంచీ ఉన్న అలవాటు. "త" అనే అక్షరం యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా దాచే పద్ధతి) మూడు బైట్లు, గిట్ దాన్ని \340\260\244 అని చూపిస్తుంది. సెట్టింగుల్లో కోర్ కోట్‌పాత్ అనేదాన్ని ఫాల్స్ చేస్తే తెలుగులోనే కనిపిస్తుంది.

మ్యాక్ వాడేవాళ్ళకు ఇంకో జాగ్రత్త. ఐత్వం యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ ఉండొచ్చు, ఎత్వం కింద విడి గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ ఉండొచ్చు. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్ డిస్కులు ఫైలు పేర్లను రెండో రూపంలోకి మార్చి దాచేవి. "పైన" అని పేరున్న నమూనా ఫైలు ఒకటి ఇలాగే రెండుగా చీలి, బొమ్మ లింకు దొరక్క మమ్మల్ని ఒక సాయంత్రమంతా తిప్పింది. కోర్ ప్రీకంపోజ్ యూనికోడ్ సెట్టింగు ట్రూ అని ఉందో లేదో చూసుకోండి.

లైసెన్సు మారిందా?

లేదు. ఎవరు రాసిన కోడ్ మీద హక్కు వారిదే, లైసెన్సు పాతదే.

మా సెంటర్లో నెట్ లేదు. కోడ్ కావాలంటే?

గిట్‌లో బండిల్ అనే సదుపాయం ఉంది. మొత్తం చరిత్ర ఒక్క ఫైలుగా మారుతుంది, దాన్నే క్లోన్ చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ తెస్తే వేసిస్తాం. తర్వాత కొత్త మార్పులు మాత్రమే చిన్న బండిల్‌గా కూడా ఇవ్వొచ్చు.

నాకు ఏ ఖాతాలూ లేవు, ఇంగ్లీషు కూడా రాదు. తప్పు కనిపిస్తే ఎలా చెప్పాలి?

ఎప్పటిలాగే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. అసలు ఫైలు కూడా ఇవ్వగలిగితే మేలు, ఫొటోలో అక్షరం కనిపిస్తుంది కానీ మీరు కొట్టిన వరుస కనిపించదు. మాలో ఒకరు మీ మాటల్లోనే, తెలుగులోనే, ఇష్యూ తెరుస్తారు. మీకు ఇష్టమైతే మీ పేరు కూడా రాస్తారు. ఆ నంబరు మీకు పంపుతాం. ఖాతా లేకపోయినా ఆ పేజీ తెరిచి ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. 41వ ఇష్యూ పెద్దాయనకూ ఇప్పటికీ ఏ ఖాతా లేదు. ఆయన చెబుతుంటే పక్కన కూర్చుని రాసుకున్నదే అదంతా.